పొయ్యి అద్దం తుడిచిందెవరు?

శనివారం ఉదయం తొమ్మిదీ అయిదుకు ఎలియో పెకోల్ అనే పొయ్యి పనివాడు ప్రాదెల్ పోలీసు స్టేషన్‌లో కూర్చుని, తన మీద పడ్డ నేరం సంగతి వదిలేసి, గది మూలనున్న పెల్లెట్ పొయ్యి గురించి బాధపడుతున్నాడు.

"మీ పొయ్యికి ఊపిరాడటం లేదు మేడమ్. అద్దం చూడండి, మసి ఎలా పట్టిందో. మంటగిన్నె దులిపి ఎన్నాళ్లయింది?"

"మా కానిస్టేబుల్ దెనిస్ నిన్న మధ్యాహ్నమే తుడిచాడు. ముందు నీ సంగతి చూడనీ ఎలియో," అంది ఓర్నెల్లా జానియేర్.

ప్రాదెల్ స్టేషన్‌కి ఆమె అధికారి. యాభై రెండేళ్ల మనిషి, ఈ లోయలోనే పుట్టి పెరిగింది. ఎవరేం చెప్పినా సగం నమ్మి, మిగతా సగం కళ్లతో చూసొచ్చే రకం. ఎలియోని చిన్నప్పటి నుంచీ ఎరుగును. వాళ్ల నాన్న ఇంటింటి పొగగొట్టాలు దులిపేవాడు. కట్టెల పొయ్యిలు పోయి, రంపపు పొట్టు గుళికలతో మండే ఈ పెల్లెట్ పొయ్యిలు వచ్చాక కొడుకు ఆ పనిలోకి దిగాడు. ముప్పై నాలుగేళ్లుగా ఈ లోయలో అతని చెయ్యి పడని పొయ్యి లేదు.

గురువారం అతను యోలాండా అనే డెబ్భై తొమ్మిదేళ్ల ఒంటరి ముసలావిడ ఇంట్లో పొయ్యికి ఏడాది సర్వీసు చేశాడు. శుక్రవారం పొద్దున ఆమె వంటగదిలో సోఫా మీద, పొయ్యి విషగాలికి స్పృహ తప్పి కనిపించింది; ఆసుపత్రిలో ఇంకా తెలివి రాలేదు. గోడవార పొగగొట్టం అడుగున, మసి దులపడానికి ఒక మూత ఉంటుంది. ఆ మూత ఊడి నేల మీద పడి ఉంది. సర్వీసు చేసినవాడు మూత బిగించడం మర్చిపోయాడు, గాలంతా ఇంట్లోకి వచ్చింది, అంతే కథ. జిల్లా కేంద్రం నుంచి దిగిన కెప్టెన్ బ్రుసదీన్ పది నిమిషాల్లో ఈ కథ రాసి సంతకం పెట్టేశాడు. మధ్యాహ్నం పన్నెండుకి వచ్చి ఎలియోని పట్నం జైలుకి తీసుకుపోతాడు.

రేపు కోర్టు వదిలేసినా లాభం లేదని ఓర్నెల్లాకి తెలుసు. ఈ కొండల్లో పొయ్యి పనివాడిని ఇంట్లోకి రానివ్వడమంటే ఇంటిల్లిపాది నిద్రనీ అతని చేతిలో పెట్టడం. ఒక్కసారి సంకెళ్లతో ఊరు దాటితే ఎలియోకి ఇక తలుపు తీసేవాళ్లుండరు. ఆమెకి మిగిలింది మూడు గంటలు.

చేసిన పనంతా వరసగా చెప్పమంది. చెప్పాడు. మధ్యాహ్నం రెండింటికి వెళ్లాడు. పొయ్యి పొద్దుటి నుంచీ ఆర్పే ఉంది, చల్లగా ఉంటేనే అతను చెయ్యి పెడతాడు. మంటగిన్నె పైకి తీసి చిల్లులన్నీ పొడిచాడు. బూడిద లాగేశాడు. పొగని బయటికి నెట్టే పంకా రెక్కలు కుంచెతో రుద్దాడు. గొట్టం అడుగు మూత తీసి, మసి రాల్చి, మూత బిగించాడు. పొయ్యి తలుపు సందులో కాగితం ముక్క పెట్టి లాగి చూశాడు, రాలేదు కాబట్టి తలుపు చుట్టూ గాలి చొరకుండా ఉండే తాడు బాగున్నట్టే. తొట్టిలో పదిహేను కిలోల గుళికల బస్తా పోసి మూడింటికి వెలిగించాడు. అరగంట అక్కడే కూర్చుని మంట చూసి, మూడున్నరకి బయలుదేరాడు.

"మూత ఊడి ఉంటే ఆ అరగంటలోనే వాసన తెలిసేది. నా ముక్కు ఇంకా చావలేదు మేడమ్. పైగా గీత ఉంటుంది, చూసుకోండి."

ఏం గీత అని అడిగింది. ఎలియో జేబులోంచి నీలం సుద్దముక్క తీసి, ఆమె బల్ల మీద రెండు చెక్కలు కలిసేచోట అడ్డంగా ఒక గీత గీశాడు. గీత సగం ఒక చెక్క మీద, సగం రెండో చెక్క మీద పడింది.

"మూత బిగించాక గొట్టం మీదా మూత మీదా కలిసేట్టు ఇలా గీస్తాను. మా నాన్న అలవాటు. ఎవరైనా మూత తిప్పితే గీత తప్పిపోతుంది. వచ్చే ఏడాది నేనొచ్చేసరికి ఎవరు కెలికారో తెలిసిపోతుంది."

యోలాండా ఏమైనా మాట్లాడిందా అని అడిగితే అతను కాస్త తటపటాయించాడు. ఇదే తన ఆఖరి సర్వీసని నవ్వుతూ చెప్పిందట. సోమవారం నోటరీ దగ్గర సంతకం పెట్టి ఇల్లు అమ్మేస్తుందట. స్నేహితురాలు ఉంటున్న వృద్ధుల ఆశ్రమానికి వెళ్లిపోతుందట. ఎవరికీ చెప్పకు, మావాళ్లకి ఈ రాత్రికి నేనే చెబుతాను అందట.

ఇంతలో ముందు గదిలో అలికిడైంది. ఓర్నెల్లా ఎలియోని లోపలి గదిలోకి పంపింది.

వచ్చింది లోరెదానా, యోలాండా మేనల్లుడి భార్య. మొగుడు సరిహద్దు అవతల కట్టడం పనుల్లో ఉంటాడు. నలభై అయిదేళ్ల ఈమే పదకొండేళ్లుగా రోజూ ముసలావిడ ఇంటికి వెళ్లి వంటా వార్పూ, ఊడ్పూ తుడుపూ చూస్తోంది. శుక్రవారం పొద్దున అత్తని మొదట చూసి ఫోన్ చేసింది కూడా ఈమే. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. ఇంటి తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఓర్నెల్లా ఆమెని కూర్చోబెట్టి, వాంగ్మూలం ఇంకోసారి చెప్పించింది. గురువారం రాత్రి ఏడింటికి బార్లీ సూప్ తీసుకెళ్లింది, ఏడున్నరకి వచ్చేసింది. శుక్రవారం ఉదయం ఏడూ నలభైకి తాళం తీసి లోపలికెళ్లింది. పొయ్యి మండుతోంది, మూత నేల మీద ఉంది, అత్త ఉలుకూ పలుకూ లేదు. పొయ్యి ఆర్పేసి, కిటికీలు తెరిచి, ఏడూ నలభై అయిదుకి ఫోన్ చేసింది.

"గురువారం రాత్రి పెద్దావిడ నీతో ఏమైనా చెప్పిందా?"

"ఏముంది మేడమ్. సూప్‌లో ఉప్పు తక్కువైందంది." లోరెదానా రుమాలుతో కళ్లు ఒత్తుకుంది. "ఆసుపత్రికి వెళ్తున్నాను. అక్కడ అత్త గది గుమ్మం దగ్గరున్న మీ పోలీసాయన్ని నిన్న రాత్రే పంపేశారట కదా. ఇప్పుడు ఇంటివాళ్లని లోపల కూర్చోనిస్తున్నారు."

కాపలా తీసేసిన సంగతి ఓర్నెల్లాకి అప్పుడే తెలిసింది. కెప్టెన్ పనే అయుంటుంది. ప్రమాదమని రాసేశాక కాపలా దేనికి? లోరెదానా లేచి, వెళ్తూ వెళ్తూ చేతిలోని రుమాలుతో బల్ల మీది సుద్దగీతని శుభ్రంగా తుడిచేసి, కాఫీ కప్పు అడుగు మరక కూడా తుడిచి, వెళ్లొస్తానని చెప్పి వెళ్లింది. ఎవరి బల్లయితేనేం, ఆమె చేతులు ఊరికే ఉండవు.

ఓర్నెల్లా ఫైలు తెరిచి ఫోటోలు పరిచింది. శుక్రవారం ఎనిమిదీ పదికి దెనిస్ తీసినవి. సోఫా, నేల మీద మూత, బల్ల మీద రొట్టెల సంచీ, మూలన ఆరిపోయిన పొయ్యి. ఆమె చూపు పొయ్యి ఫోటో మీద ఆగిపోయింది. తలెత్తి తన గదిలో పొయ్యిని చూసింది. మళ్లీ ఫోటో చూసింది. లోపలి గది తలుపు తోసింది.

"ఎలియో, నువ్వు సర్వీసు చేసిన పొయ్యి రాత్రంతా మండితే పొద్దుటికి అద్దం ఎలా ఉంటుంది?"

"గోధుమ రంగైనా పట్టాల్సిందే. కొత్త పొయ్యి అయినా సరే, పోప్‌గారి పొయ్యి అయినా సరే."

ఓర్నెల్లా దెనిస్‌ని పిలిచింది. గదిలోని పొయ్యి ఆర్పేసి గడియారం చూసింది. తొమ్మిదీ ముప్పై అయిదు. అద్దం మీద చెయ్యి ఆనించి, తడి కాగితంతో తుడవగలిగినంత చల్లారిన క్షణాన తనకి ఫోన్ చేయమంది. అంతవరకూ కాఫీకి కూడా కదలొద్దంది. దెనిస్ అయోమయంగా పొయ్యి ముందు కుర్చీ వేసుకున్నాడు.

పది గంటలకి ఆమె యోలాండా ఇంటి సీలు తీసేసరికి, పన్నెండుకి రావలసిన కెప్టెన్ కారు అప్పుడే వెనక వచ్చి ఆగింది.

బ్రుసదీన్ సముద్రం ఒడ్డు పట్నంలో పుట్టినవాడు. మీట నొక్కితే ఇల్లు వెచ్చబడే చోట పెరిగాడు. పొయ్యి దులపడం ఎలాగో కాగితాల్లో చదివాడు గాని చేతికి మసి అంటించుకున్నవాడు కాదు. చెడ్డవాడని అనలేం. తొందరగా తేలిపోయే కేసంటే అతనికి ఇష్టం, అంతే.

తను సంతకం పెట్టిన కేసుని ఈమె మళ్లీ తవ్వడం దేనికని అడిగాడు. పన్నెండింటి దాకా కేసు తనదేనంది ఆమె. సరే, చూద్దాం పదండన్నాడు.

ముందు గీత చూసింది. లేదు. గొట్టం మీదా లేదు, మూత మీదా లేదు. కెప్టెన్‌కి ఎలియో సుద్దగీత సంగతి చెప్పక తప్పలేదు. అతను నవ్వాడు.

"అయితే మీ మనిషి తన మెడకి తానే ఉరి తగిలించుకున్నాడు. మూత బిగిస్తే గీత గీస్తాడు, గీత లేదంటే మూత బిగించలేదు. నిప్పు లేనిదే పొగ రాదు మేడమ్."

"పొమ్మనలేక పొగబెట్టేవాళ్లు కూడా ఉంటారు కెప్టెన్ గారూ," అంది ఆమె, మోకాళ్ల మీద కూర్చుంటూ.

నల్లటి గొట్టం మీద ఎక్కడ వేలు పెట్టినా సన్నని దుమ్ము అంటుతోంది. మూత తగిలే చోట మాత్రం, అరచేతి వెడల్పున, దుమ్ము లేదు. నిగనిగలాడుతోంది. గీత గీయకపోతే అక్కడ దుమ్ముండాలి. దుమ్ము లేదంటే ఎవరో తుడిచారు. కెప్టెన్‌కి చూపించింది. ఎలియోనే తుడిచుంటాడని కొట్టిపారేశాడు.

ఆమె లేచి గుళికల తొట్టి మూత ఎత్తింది. అయిదు కిలోలు మిగిలి ఉంటాయి. గంటకి ముప్పావు కిలో లెక్కన పది కిలోలు కాలాలంటే పదమూడు, పద్నాలుగు గంటలు. మధ్యాహ్నం మూడింటి నుంచి లెక్క వేస్తే పొయ్యి మర్నాడు తెల్లవారుజామున నాలుగూ అయిదూ మధ్య దాకా మండింది. ఏడూ నలభై దాకా మండలేదు. కాస్త అటూ ఇటూ అవుతుందిలే అన్నాడు కెప్టెన్. అవుతుందని ఆమే ఒప్పుకుంది. ఒప్పుకుని, పొయ్యి తలుపు వైపు చూపించింది.

అద్దం తళతళలాడుతోంది. ఒక్క మరక లేదు.

"ఈ ఇంటికి నిన్న ఎనిమిదిన్నరకి సీలు వేశాం. ఎనిమిదీ పదికి తీసిన ఫోటోలోనూ అద్దం ఇలాగే ఉంది. పద్నాలుగు గంటలు మండిన పొయ్యి అద్దం ఇలా ఎందుకుంది?"

"శుభ్రంగా ఉంటే ఉండనీండి. మీ ఊళ్లో హంతకులు అద్దాలు కూడా తుడిచి వెళ్తారా?"

ఓర్నెల్లాకి చర్రున కోపం వచ్చింది. కాని జవాబు చెప్పేటప్పుడు గొంతు మెత్తబడింది.

"మా అమ్మ పోయిన పొద్దున, పాదిరీకి ఫోన్ చేసే ముందు నేను పొయ్యి అద్దం తుడిచాను కెప్టెన్ గారూ. ఎందుకు తుడిచానో నాకే తెలీదు. ఇంటికి నలుగురు వస్తారని తెలిశాక మసి పట్టిన అద్దం చూపించే ఆడది ఈ లోయలో లేదు. తడిపిన పత్రిక కాగితం బూడిదలో అద్ది రుద్దుతాం. మెదడు పని చేయకపోయినా ఆ పని మాత్రం చేతులు చేసేస్తాయి."

ఆమె చూపు అప్పటికే వంటబల్ల మీదికి వెళ్లింది. రొట్టెల సంచీ అక్కడే ఉంది, రొట్టె ఎండిపోయింది. ప్రాదెల్‌లో రొట్టెల బండివాడు రోజూ ఆరూ ఇరవైకి ఒక్కో ఇంటి గుమ్మానికి సంచీ తగిలించిపోతాడు. అందులో రొట్టె, ఆనాటి పత్రిక. సంచీ లోపలికొచ్చింది, రొట్టె ఉంది. మరి పత్రిక ఏది?

సోఫా కింద లేదు, అరల్లో లేదు. ఓర్నెల్లా వెనక వసారా తలుపు తీసింది. రాతి పలక మీద మూతపెట్టిన ఇనప బకెట్ ఉంది. ఊళ్లో ప్రతి ఇంటికీ ఉండేదే. బూడిదలో నివురుగప్పిన నిప్పుంటుందని రెండు రోజులు అందులో ఉంచిగాని తోటలో వేయరు. చేతితొడుగు వేసుకుని మూత తీసింది. పైనే ఉంది, ఉండచుట్టిన పత్రిక. తడిసి ఆరి అట్టకట్టింది. బూడిద, గోధుమరంగు మసి. నెమ్మదిగా విప్పింది. మూలన తేదీ కనిపించింది. శుక్రవారం.

రెండో మడత విప్పేసరికి ఆమె చెయ్యి ఆగింది. మసి మధ్యలో బొటనవేలంత మేర నీలం సుద్ద.

"చూశారా, గీత గీశాడు. ఎవరో తుడిచారు. గురువారం కాదు, శుక్రవారం, ఆరూ ఇరవై తర్వాత," అంది ఓర్నెల్లా.

కెప్టెన్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. అతని ముఖంలో వెటకారం పోయింది. కాని సంతకం పెట్టిన చెయ్యి అంత తేలిగ్గా వెనక్కి రాదు. లోరెదానా ఏడూ నలభైకి వచ్చి, పొయ్యి ఆర్పి, ఫోన్ చేసి, మీ వాళ్లొచ్చేలోగా కంగారులో తుడిచుండొచ్చు కదా, మీరే అన్నారుగా చేతులు వాటంతటవే చేస్తాయని, అని వాదించాడు. వాదన బాగానే ఉంది. ఓర్నెల్లా గడియారం చూసింది. పదిన్నర దాటింది.

ఆ ఇంటి మెట్ల మీద ఇద్దరూ నిలబడ్డారు. కెప్టెన్ రెండు సిగరెట్లు కాల్చాడు. పదీ యాభై అయిదుకి ఆమె ఫోన్ మోగింది. ఆమె స్పీకర్ నొక్కింది.

"మేడమ్, ఇప్పుడు తుడవగలుగుతున్నాను." దెనిస్ గొంతులో నొప్పి వినిపిస్తోంది. "అరగంటప్పుడు ఒకసారి ప్రయత్నించాను. కాగితం అద్దానికి అంటుకుని ఆవిర్లొచ్చాయి, రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. గంటకీ చెయ్యి పెట్టనివ్వలేదు. సరిగ్గా ఎనభై నిమిషాలు పట్టింది."

ఓర్నెల్లా ఫోన్ పెట్టేసింది. ఏడూ నలభైకి ఆర్పిన పొయ్యిని ఎనిమిదీ పదికి తుడవడం ఎవరి తరమూ కాదు. ఎనిమిదీ పదికి అద్దం తుడిచి ఉందంటే పొయ్యి ఆరూ యాభైకి ముందే ఆరిపోయింది. లోరెదానా ఏడూ నలభైకి అది మండుతుండగా చూడలేదు. చూశానని అబద్ధం చెప్పింది.

"రాత్రి మూత ఊడదీసి వెళ్లి, తెల్లవారకముందే మళ్లీ వచ్చింది," అంది ఓర్నెల్లా, తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు. "అంతా అయిపోయుంటుందనుకుని వచ్చింది. పొయ్యి ఆర్పింది, కిటికీ తెరిచింది. పెద్దావిడ ఇంకా ఊపిరి తీస్తోంది. ఫోన్ చేయలేదు. తక్కువలో తక్కువ యాభై అయిదు నిమిషాలు పక్కనే ఉండి, ఎప్పుడు ఆగుతుందా అని చూసింది. చూస్తూ ఊరికే కూర్చోలేకపోయింది."

పదకొండేళ్లు ఆ ఇంటి అద్దాలన్నీ తుడిచింది. ఇల్లు తనదవుతుందనుకునే తుడిచుంటుంది. గురువారం రాత్రి సూప్ గిన్నె ముందు కూర్చుని యోలాండా సోమవారం సంతకం సంగతి చెప్పే ఉంటుంది. లోరెదానా ఆ మాట దాచింది, ఉప్పు సంగతి చెప్పింది. ఓర్నెల్లాకి ఒక్క క్షణం ఆ మనిషి మీద జాలేసింది. జాలి వెనకే, చన్నీళ్లు నెత్తిన పోసినట్టు, ఇంకో సంగతి గుర్తొచ్చింది.

"గుమ్మం దగ్గర కాపలా మీరే తీయించారా?"

కెప్టెన్ ముఖం పాలిపోయింది. తనే తీయించానన్నాడు. ప్రమాదమనుకున్నానన్నాడు. ఆ రెండో మాట పూర్తి కాకుండానే కారు తాళాలు తీసి దగ్గరున్న గస్తీకి వైర్‌లెస్‌లో చెప్పసాగాడు. ఆసుపత్రికి ఇక్కడి నుంచి నలభై నిమిషాలు. లోరెదానా స్టేషన్ నుంచి బయలుదేరి గంటన్నర కావస్తోంది.

ఓర్నెల్లా ఆసుపత్రి వార్డుకి ఫోన్ చేసింది. ఆరుసార్లు మోగాక ఒక నర్సు తీసింది. చిన్నవయసు గొంతు, హుషారుగా ఉంది. యోలాండా గారి పరిస్థితి ఎలా ఉందని అడిగింది ఓర్నెల్లా.

"శుభవార్తే మేడమ్. పావుగంట క్రితం కళ్లు తెరిచారు. ఇంకా మాట రాలేదు గాని, ఏదో చెప్పాలని చూస్తున్నారు. డాక్టరు గారు వస్తున్నారు."

"దగ్గర ఎవరున్నారు?"

"వాళ్ల మేనల్లుడి భార్య. ఎంత మంచావిడో. కాసేపు మా ఇద్దర్నే వదిలేయండమ్మా అని తలుపు వేసుకుంది. నాకు ఇక్కడి నుంచి తలుపు గాజులోంచి కనిపిస్తూనే ఉంది, మీరేం కంగారు పడకండి." నర్సు చిన్నగా నవ్వింది. "ఒక్క నిమిషం కుదురుగా ఉండదు మేడమ్. పాపం, తడి కాగితంతో కిటికీ అద్దం తుడుస్తోంది."

ఆ మనిషి ఎప్పుడు అద్దం తుడుస్తుందో ఆ నర్సుకి తెలీదు, ఓర్నెల్లాకి తెలుసు.

"ఫోన్ అక్కడ పడేసి వెళ్లి ఆ తలుపు తీయమ్మా. ఇప్పుడే. పరిగెత్తు."

ఫోన్ బల్ల మీద పడిన చప్పుడైంది. పరిగెత్తే అడుగులు వినిపించాయి. తలుపు మీద దబదబ బాదిన చప్పుడు. పిడిని ఒకసారి తిప్పారు, మళ్లీ తిప్పారు. తలుపు తెరుచుకున్న చప్పుడు మాత్రం రాలేదు.